నా ల్యాప్‌టాప్, నా డ్రైవర్: మధ్యలో ఆ నాలుగంకెల పెత్తనం ఎవరిది?

నిన్న సాయంత్రం హైదరాబాదులో ఒక ల్యాప్‌టాప్ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరుకు వెళ్లాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఏ పేరు చెప్పినా మీలో సగం మంది "మాది వేరే కంపెనీ అయినా కథ ఇదే" అంటారని నాకు తెలుసు. నా పని చాలా చిన్నది. పాత ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ మోత పెడుతోంది, విప్పి దుమ్ము దులిపి, థర్మల్ పేస్టు మార్చి ఇవ్వండి, ఎంతయితే అంత ఇస్తాను అన్నాను. వారంటీ ముగిసి ఏళ్లు గడిచిన యంత్రం కనుక ఉచిత సేవ అడిగే ప్రసక్తే లేదు. కౌంటరు దగ్గరి కుర్రాడు మర్యాదస్తుడే; "ఒకసారి ఆన్ చేసి చూస్తాను సార్" అని యంత్రంలోని భాగాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిచాడు, గ్రాఫిక్స్ డ్రైవర్ (బొమ్మలు గీసే చిప్‌ను విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్) తేదీ చూశాడు, వెంటనే ముఖం మారిపోయింది. "ఇది మా సైటులో ఉన్న డ్రైవర్ కాదు కదా సార్" అన్నాడు. కాదు నాయనా, మీ సైటులో ఉన్నది విండోస్ 7 కాలం నాటిది, దానితో ఈ యంత్రంలోని రెండో గ్రాఫిక్స్ చిప్ నిద్ర లేవడం లేదు అన్నాను. అతను లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చి, జాబ్ షీటు మీద "కస్టమర్ అనధికారికంగా సాఫ్ట్‌వేర్ మార్చారు" అని రాసి, అసలు డ్రైవర్ తిరిగి వేసుకుని వస్తే తప్ప ఫ్యాన్ ముట్టుకోవడం కుదరదన్నాడు. ఫ్యాన్‌లో దుమ్ము కూడా నా డ్రైవరే పోసిందని వీళ్ల లోపలి గదిలో తీర్మానం జరిగినట్లుంది.

"అనధికారికంగా" అన్న ఆ మాటే నాకు నిన్నటి నుంచి మింగుడు పడటం లేదు. నేను చేసిన ఘోరం ఏమిటో తెలియని వారి కోసం చెబుతాను. తెలిసినవారు ఈ భాగం దాటుకుని ముందుకు పోవచ్చు, మీ గాయాలు మీకు ఎలాగూ గుర్తున్నాయి.

ఇలాంటి ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌తో పాటే వచ్చే ఇంటెల్ చిప్, తక్కువ కరెంటుతో పని నడిపిస్తుంది. రెండోది ఎన్విడియాదో ఏఎండీదో, ఆటలకూ డిజైన్ సాఫ్ట్‌వేర్లకూ పనికొచ్చేది, దాని కోసమే మనం కొట్లో అదనంగా డబ్బు కట్టేది. ఎన్విడియా 2010 ఫిబ్రవరిలో ఆప్టిమస్ అనే పద్ధతిని తెచ్చింది; ఏఎండీ తన పద్ధతికి ఒకసారి పవర్‌ఎక్స్‌ప్రెస్ అనీ, 2012 నుంచి ఎండ్యూరో అనీ పేరు పెట్టింది. పేర్లు ఏవైనా లోపల జరిగేది దాదాపు ఒకటే: పెద్ద చిప్ బొమ్మ గీస్తుంది, గీసిన బొమ్మను ఇంటెల్ చిప్ చేతికి ఇస్తుంది, తెరకు తీగ ఉన్నది ఇంటెల్ చిప్ నుంచే కనుక అది తెర మీద చూపిస్తుంది. అంటే రెండు కంపెనీల డ్రైవర్లు ఒకదానితో ఒకటి సఖ్యంగా ఉంటేనే బొమ్మ పడుతుంది. ఒకటి కొత్తదై మరొకటి పాతదైతే నల్ల తెర కనిపిస్తుంది, లేదా ఆట మొదలై ఇంటెల్ చిప్ మీదే ఈడ్చుకుంటూ నడుస్తుంది. అందుకే ఆ రోజుల్లో "డ్రైవర్ కావాలంటే చిప్ తయారుచేసిన వాళ్ల దగ్గరికి కాదు, ల్యాప్‌టాప్ తయారుచేసిన వాళ్ల దగ్గరికి వెళ్లండి" అని పంపేవారు. ల్యాప్‌టాప్ తయారుచేసిన వాళ్లేమో అమ్మిన ఏడాదికి ఒకటో రెండో డ్రైవర్ కట్టలు సైటులో పడేసి, తరువాతి మోడల్ ప్రచారంలో మునిగిపోయేవారు. ఎన్విడియా 2008 చివరిలో ల్యాప్‌టాప్‌లకు కూడా నేరుగా డ్రైవర్లు ఇవ్వడం మొదలుపెట్టింది గాని, అందులోనూ కొన్ని కంపెనీల మోడళ్లకు మినహాయింపులు ఉండేవి.

ఇప్పుడు అసలు కుట్టే విషయానికి వస్తాను. కొత్త డ్రైవర్ మన యంత్రాన్ని కాదన్నది చేతకాక కాదు. డ్రైవర్ కట్ట విప్పితే అందులో ఐఎన్ఎఫ్ అనే ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు అక్షరాల ఫైలు. ఏ ఏ యంత్రాలకు ఈ డ్రైవర్ వర్తిస్తుందో వరుసలు వరుసలుగా అందులో రాసి ఉంటుంది. ప్రతి వరుసలో చిప్ తయారీదారు సంఖ్య ఉంటుంది: ఏఎండీకి 1002, ఇంటెల్‌కు 8086. (1978లో తాము తెచ్చిన ప్రాసెసర్ పేరునే తమ గుర్తింపు సంఖ్యగా పెట్టుకున్న ఇంటెల్ వాళ్ల ముచ్చటను మాత్రం నేను మెచ్చుకుంటాను.) తరువాత చిప్ మోడల్ సంఖ్య, ఆ తరువాత ఏ ల్యాప్‌టాప్‌లో బిగించారో చెప్పే సంఖ్య ఉంటాయి. ఆ చివరి భాగంలోని నాలుగంకెలు ల్యాప్‌టాప్ కంపెనీవి. 1028 అంటే డెల్, 1043 అంటే ఆసుస్, 1025 అంటే ఏసర్. చిప్ అదే, దాన్ని నడిపించే సిస్ ఫైలు అదే, విండోస్ అదే. కాని మీ ల్యాప్‌టాప్ సంఖ్య ఆ జాబితాలో లేకపోతే "తగిన హార్డ్‌వేర్ కనబడలేదు" అని ఇన్‌స్టాలర్ సెలవు తీసుకుంటుంది. చిప్ దాని కళ్లెదుటే ఉంటుంది, అయినా కనబడదు.

నేను చేసిన అనధికారిక కార్యం ఆ జాబితాలో ఒక వరుస చేర్చడం. అంతే. డివైస్ మేనేజర్‌లో నా చిప్ హార్డ్‌వేర్ ఐడీని, అంటే పైన చెప్పిన సంఖ్యల వరుసను, కాపీ చేసి, అదే తరం చిప్‌కు రాసి ఉన్న వరుస కింద అతికించాను. డ్రైవర్ గుండెకాయ వంటి సిస్ ఫైలులో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. అయితే ఐఎన్ఎఫ్ మారగానే దానితో పాటు వచ్చే క్యాట్ ఫైలులోని డిజిటల్ సంతకంతో (ఫైళ్లను ఎవరూ మార్చలేదని చెప్పే ముద్ర) లెక్క కుదరదు, 64 బిట్ విండోస్ ఒప్పుకోదు. కనుక స్టార్టప్ సెట్టింగుల్లోకి వెళ్లి ఎఫ్7 నొక్కి, సంతకం తనిఖీని ఆ ఒక్క బూటుకు పక్కన పెట్టి, పాత డ్రైవర్లను డీడీయూ అనే ప్రోగ్రాముతో శుభ్రంగా తుడిచి, ముందు ఇంటెల్‌దీ తరువాత పెద్ద చిప్‌దీ వేశాను. ఆ రాత్రి నుంచి ల్యాప్‌టాప్ రెండు చిప్‌ల మధ్య చక్కగా మారుతోంది. దీనినే నిన్న జాబ్ షీటులో నేరంలాగా రాశారు.

భద్రత కోసమే సంతకాలు అని ఉపదేశించడానికి కొందరు సిద్ధంగా ఉంటారని తెలుసు. కర్నెల్‌లోకి, అంటే విండోస్ గుండెలోకి, ఏది పడితే అది చొరబడకూడదన్న సూత్రాన్ని నేనూ కాదనను. కాని 2022లో ఎన్విడియా నుంచి దొంగలు ఎత్తుకుపోయిన సంతకపు సర్టిఫికెట్లు, అవి కూడా గడువు తీరిపోయినవి, మాల్వేర్ మీద వేస్తే విండోస్ వాటిని లోపలికి రానిచ్చింది. దొంగ ముద్రతో వచ్చినవాడికి రహదారి తెరుచుకుంది, సొంత యంత్రంలో ఒక వరుస రాసుకున్నవాడికి ఎఫ్7 ప్రాయశ్చిత్తం. ఇంతటి పటిష్టమైన భద్రతను చూసి నాకు నిద్ర బాగా పడుతోంది.

ఇంటెల్ సంగతి మరీ ముచ్చట. ఏళ్ల తరబడి తన సొంత డ్రైవర్‌ను తన సొంత చిప్ మీద వేయబోతే, ఈ కంప్యూటర్‌కు దీన్ని పరీక్షించలేదు, మీ తయారీదారును అడగండి అని అర్థం వచ్చే సందేశం చూపించి తిప్పి పంపేది. ఆ అడ్డంకి దాటడానికి జిప్ ఫైలు తెచ్చుకుని, డ్రైవర్ ఫైలును మనమే చూపించే "హ్యావ్ డిస్క్" దారిలో బలవంతంగా వేసుకోవడం ఎందరికో కంఠస్థం అయిపోయింది. 2020లో ఇంటెల్ ఒక ప్రకటన చేసి ఆ తాళం తానే తీసేసింది. ఇకపై మా డ్రైవర్లు ఎవరైనా నేరుగా వేసుకోవచ్చంది. అప్పటిదాకా ప్రమాదకరమైన పని, మర్నాటి నుంచి వినియోగదారుడికి అందించిన కొత్త సౌకర్యం అయింది. ఈ మధ్యలో ఆ పనిని పదేళ్లు దొంగచాటుగా చేసుకున్న మనకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు, చెబుతారని నేను ఎదురు చూడటమూ లేదు.

పైసా తీసుకోకుండా ఈ డ్రైవర్లను సరిచేసి, ఏ తరం ఇంటెల్ డ్రైవర్‌కు ఏ తరం ఏఎండీ డ్రైవర్ జతపడుతుందో రాత్రిళ్లు కూర్చుని తేల్చి, కట్టలు కట్టి పంచిన వాళ్లను తలుచుకుంటే ఇంకా మండిపోతుంది. వాళ్లు తప్పులు చేయలేదని అనను. విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ లైనక్సులో ఆప్టిమస్‌ను నడిపించడానికి వచ్చిన బంబుల్‌బీ ప్రాజెక్టులో, 2011లో ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక ఫోల్డరు దారి పేరు మధ్య అనవసరమైన ఖాళీ ఒకటి పడి, పాపం వేసుకున్న వాళ్ల ప్రోగ్రాములుండే యూఎస్ఆర్ ఫోల్డరు మొత్తం చెరిగిపోయింది. సరిదిద్దిన వ్యక్తి ఆ తప్పును అందరూ చూసేలా రాసి, క్షమించమని అడిగాడు. జీతాలు తీసుకునే వాళ్లు మన యంత్రాలకు చేసిన దానికి అలాంటి వాక్యం ఒక్కటి ఎక్కడైనా చదివారా? 2012లో ఫిన్‌లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో, ఆప్టిమస్ ల్యాప్‌టాప్ కొని ఇబ్బంది పడ్డ ఒకామె అడిగిన ప్రశ్నకు లైనక్సు సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఎన్విడియాకు వేలు చూపించి ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయలేను గాని, నిన్న కౌంటరు దగ్గర నిలబడి నేను మనసులో జపించినది అదే.

ఇంత దూరం వచ్చాక పాత పగ ఒకటి బయటికి రాక తప్పదు. మనకు ఈ ల్యాప్‌టాప్‌లను ఎలా అమ్మారో గుర్తు చేసుకోండి. ఇంజనీరింగ్‌లో సీటు రాగానే ఇంట్లో అప్పో సప్పో చేసి, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీ కాంప్లెక్సు మెట్లెక్కి, "గ్రాఫిక్స్ కార్డు ఉందా అన్నా" అని అడిగిన తరం మనది. కొట్టు అన్న "2 జీబీ గ్రాఫిక్స్ తమ్ముడూ" అని స్టిక్కరు చూపించేవాడు, స్టిక్కరు మెరిసేది, ఏ తరం చిప్ అని అడగాలని మనకు ఎవరూ చెప్పలేదు. 2012లో మన దగ్గర విరివిగా అమ్ముడైన ల్యాప్‌టాప్‌లలో రేడియన్ హెచ్‌డీ 7670ఎం అనే చిప్ ఉండేది. పేరు 7తో మొదలైంది కనుక కొత్త తరం అనుకున్నారు అందరూ; లోపల ఉన్నది మాత్రం 6000 వరుసలోని పాత తరం చిప్పే, కొత్త అంకె తొడుక్కుని వచ్చింది. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఏఎండీ ఆ పాత తరం మొత్తాన్ని లెగసీ జాబితాలోకి, అంటే ఇక పట్టించుకోని పాత సరుకులోకి, నెట్టేసింది. ఆఖరి కానుకగా 2016 ఆరంభంలో ఒక బీటా డ్రైవర్ ఇచ్చి చేతులు దులుపుకుంది. 2012లో కొన్నవాడి చేతిలో యంత్రానికి అప్పటికి మూడేళ్లు. తల్లిదండ్రులు కట్టిన వాయిదాల రసీదులు ఇంకా అలమారలో ఉండగానే పిల్లవాడి గ్రాఫిక్స్ చిప్ చరిత్రలో కలిసిపోయింది. అప్పుడు ఆ చిప్‌లను నిలబెట్టింది ఎవరు? ఐఎన్ఎఫ్‌లో వరుసలు చేర్చిన "అనధికార" మనుషులే.

ఇంకా ఉంది. 2006లో సోనీ వయో ఎస్‌జెడ్ ల్యాప్‌టాప్‌లో కీబోర్డు పైన ఒక బుల్లి స్విచ్ ఉండేది. ఒకవైపు స్టామినా (ఇంటెల్ చిప్), మరొకవైపు స్పీడ్ (పెద్ద చిప్). మార్చాలంటే యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టాల్సి వచ్చేది, నిజమే, కాని ఏ చిప్ వాడాలన్నది యజమాని వేలు తేల్చేది. తరువాత "మీకెందుకు శ్రమ, మేమే ఎంచుతాం" అని ఆ మీటను, దానికి ఆధారమైన, తెర తీగను ఒక చిప్ నుంచి మరో చిప్‌కు మార్చే మక్స్ చిప్‌ను చాలా మోడళ్ల నుంచి పీకేశారు. విండోస్ కంటే ముందు మేలుకునే బయోస్ సెట్టింగుల్లో ఇంటెల్ చిప్‌ను ఆపుకునే వరుస కూడా చాలా యంత్రాలలో కనబడకుండా దాచేశారు. పెద్ద చిప్ గీసిన ప్రతి బొమ్మా ఇంటెల్ చిప్ గుమ్మంలోంచి వెళ్లాల్సి రావడం వల్ల ఆటలలో వేగం తగ్గుతోందని జనం ఎంత మొత్తుకున్నా వినలేదు. ఇప్పుడు 2021 తరువాత వచ్చిన గేమింగ్ ల్యాప్‌టాప్‌ల ప్రకటనలు చూడండి: "మక్స్ స్విచ్‌తో", పెద్ద అక్షరాలలో, పెద్ద ధరతో. మన ఇంట్లోంచి పట్టుకెళ్లిన చెంబును కళాయి పూసి మనకే అమ్మినట్లుంది.

సర్వీస్ సెంటరు చెప్పిన "అసలు డ్రైవర్" కోసం, చెబితే నవ్వుతారు, నిన్న రాత్రి వాళ్ల సైటులో వెతికాను కూడా. నా మోడల్ పేజీ ఉంది. గ్రాఫిక్స్ విభాగం ఉంది. డౌన్‌లోడ్ నొక్కితే ఫైలు లేదు. అంటే నేను తిరిగి వేసుకురావలసిన అధికారిక డ్రైవర్ అధికారికంగా ఎక్కడా లేదు. అది దొరికే చోటు ఒక్కటే, పాత ఫైళ్లను ఓపికగా దాచిపెట్టిన అపరిచితుల నిల్వలు, అవి మళ్లీ అనధికారం. ఈ చక్రంలో నన్ను తిప్పుతున్న పెద్దమనుషులకు ఫ్యాన్ విప్పడానికి నాలుగు స్క్రూలు తీయడం మాత్రం నియమాలకు విరుద్ధం.

ఒక పని మాత్రం చేయండి. మీ దగ్గర ఇలాంటి రెండు చిప్‌ల ల్యాప్‌టాప్ ఉంటే, ఇప్పుడు సవ్యంగా నడుస్తున్న డ్రైవర్ కట్టను ఈ రాత్రే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకోండి. హార్డ్‌వేర్ ఐడీలు రెండూ ఒక కాగితం మీద రాసుకోండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, నా ల్యాప్‌టాప్ తరం ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా గడప దాటనివ్వదు. నేను ఈ ఆదివారం నా ల్యాప్‌టాప్‌లో లైనక్సు వేస్తున్నాను. అక్కడ ఈ రెండు చిప్‌లకూ డ్రైవర్లు కర్నెల్‌లోనే ఉన్నాయి, ఏఎండీ లెగసీ అని పక్కన పడేసిన తరానికి కూడా. పెద్ద చిప్ కావాలంటే ప్రోగ్రాము పేరు ముందు డీఆర్ఐ_ప్రైమ్=1 అని టైపు చేస్తే చాలు. ల్యాప్‌టాప్ ఏ కంపెనీదని అది అడగదు. ఫ్యాన్ సంగతి మా వీధి చివరి రిపేరు కొట్టు అతను చూస్తానన్నాడు. డ్రైవర్ తేదీ ఏమిటని అతనూ అడగలేదు, మూడు వందలవుతుంది అన్నాడు.