బీఆర్కే భవన్‌ని వెంటనే రెగ్యులరైజ్ చెయ్యాలి

హైదరాబాద్‌లో ఎదురు చెప్పకుండా పనిచేసే కాంట్రాక్ట్ ఉద్యోగి ఎవరయ్యా అని అడిగితే నేను సెక్రటేరియట్‌కి కూతవేటు దూరంలో ఉన్న బూర్గుల రామకృష్ణారావు భవన్‌నే చూపిస్తా, అదే అందరం బీఆర్కే భవన్ అంటామే అది.

సర్వీస్ రికార్డు చూడండి. 2019 ఆగస్టులో సెక్రటేరియట్‌ని ఖాళీ చేయించి ఫైళ్లు బీరువాలు సెక్షన్లు సార్లు అన్నీ తెచ్చి దీని నెత్తిన పెట్టారు, తాత్కాలికమే అన్నారు, తర్వాత 2020 జులైలో పాత బిల్డింగులు కూల్చేశారు కాబట్టి ఇక వద్దన్నా వెనక్కి పంపడానికి చోటు లేదు. కరోనా టైమంతా రాష్ట్ర సచివాలయం అంటే ఇదే. మనవాళ్ల భాషలో చెప్పాలంటే ఫుల్ అడిషనల్ ఛార్జ్, అలవెన్స్ మాత్రం నిల్. మూడున్నరేళ్లు దాటాక 2023 ఏప్రిల్ 30న కొత్త సెక్రటేరియట్ ఓపెన్ అయింది, దానికి గుమ్మటాలు, లైటింగు, రోడ్డు మీద బండ్లాపి సెల్ఫీలు. దీనికి కనీసం ఒక శాలువా కప్పిన పాపాన పోలేదు ఎవరూ!

పోనీ రెస్ట్ ఇచ్చారా అంటే అదీ లేదు. 2024లో కాళేశ్వరం మీద జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ వేస్తే విచారణ ఎక్కడ, ఇక్కడే. ఈ బిల్డింగ్‌లో సచివాలయం నడిచినన్నాళ్లూ ముఖ్యమంత్రిగా ఉన్న కేసీఆర్ గారు, ఎక్కువగా ప్రగతి భవన్ నుంచే పని చూసుకునేవారు కదా, 2025 జూన్ 11న మాత్రం స్వయంగా ఇక్కడికి రావాల్సొచ్చింది, విచారణకి. బిల్డింగ్ మాత్రం ఎవరొచ్చినా ఒకటే మర్యాద.

అసలు పేరులోనే ఉందేమో ఈ బదిలీ యోగం. బూర్గుల వారు 1952లో హైదరాబాద్ స్టేట్ ముఖ్యమంత్రి అయ్యారు, 1956లో ఆ స్టేటే లేకుండా పోయింది, ఆయన్ని గవర్నర్‌గా కేరళకి, తర్వాత యూపీకి పంపారు.

అందుకని నా డిమాండ్లు చిన్నవే. దీనికో సర్వీస్ బుక్ ఓపెన్ చెయ్యాలి, ఇన్నేళ్ల సున్నం ఏరియర్స్‌తో సహా ఇవ్వాలి, ఇకముందు ఎవరినైనా ఇక్కడికి తోలేటప్పుడు జీవోలో తాత్కాలికంగా అనే మాట రాయకూడదు. అర్జీ పెడదామనే ఉంది, కానీ పరిశీలించడానికి కమిటీ వేస్తారు, ఆ కమిటీకి రూమ్ కావాలి, ఇంకెక్కడిస్తారు, బీఆర్కేలో ఏ ఫ్లోర్ ఖాళీగా ఉందో చూడమంటారు, తాత్కాలికంగానే.