మైనస్ ట్రాక్ గారికి, ఒక ప్యాడ్ ప్లేయర్ మొర

మహారాజశ్రీ మైనస్ ట్రాక్ గారికి,

కర్నూలు నుంచి ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రానిక్ ప్యాడ్లు స్టిక్కులతో కొట్టే ప్యాడ్ ప్లేయర్ నమస్కరించి రాయునది. వాద్యాలన్నీ ముందే రికార్డు చేసి పెట్టిన పాట కదా తమరు, ల్యాప్‌టాప్‌లో క్షేమమని తలుస్తాను. నిన్న రాత్రి రిసెప్షన్‌లో తమరి ప్రతాపం చూశాక నాలుగు ముక్కలు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి ఎంట్రీకి ఎలక్ట్రానిక్ పాటే కావాలన్నారు. సరే, కూర్చుని ఆ పాటని ముక్కలుగా విప్పి పంచుకున్నాం. కిక్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ దెబ్బ, డ్రమ్మర్‌కి. చప్పట్లు, ముక్కలు ముక్కలుగా పలికే ఆ గొంతు నా ప్యాడ్లకి. బేస్ గిటార్ తమ్ముడు సింథ్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దం పుట్టించే వాద్యం) వాయించే కింది స్వరాల బేస్ లైన్‌ని తీగ మీదికి తెచ్చుకున్నాడు. కీబోర్డ్ వాయించే అన్నకి ఎడమ చేత్తో ఆర్పెజియేటర్ (పట్టుకున్న స్వరాల్ని ఒక్కొక్కటిగా వరసగా పలికించేది), కుడి చేత్తో శబ్దాన్ని మూసి తెరిచే ఫిల్టర్ నాబ్. కిక్ పడినప్పుడల్లా సింథ్ అణిగి లేస్తుంది కదా, స్టూడియోలో దానికి సైడ్‌చెయిన్ కంప్రెషన్ వాడతారు. మా అన్న వాల్యూమ్ పెడల్‌ని కాలితో తొక్కి అదే ఊపు తెచ్చాడు. ఆ కాలికి దండం పెట్టాలి.

సౌండ్ చెక్‌లో ఈవెంట్ మేనేజర్ వచ్చాడు. "రిస్క్ ఎందుకన్నా, ట్రాక్ వేసేద్దాం. మీరు ఊరికే వాయిస్తున్నట్టు నిలబడండి చాలు" అన్నాడు. (పేమెంట్ గురించి అడిగితే మాత్రం ఆయనకు వినపడదు.) మిక్సర్‌లో మా ఛానళ్ళు కిందికి దిగాయి. తమరు వేంచేశారు.

తమరి టెంపో నిమిషానికి 128 దెబ్బలు. ఊపు పెంచుతూ పోయే బిల్డప్ నాలుగేసి దెబ్బల బార్లు 16, అంటే కచ్చితంగా 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో జంట గేటు నుంచి స్టేజీకి చేరాలని తమరి లెక్క. మా సీమలో పెళ్ళి ఎప్పుడైనా చూశారా స్వామీ? గేటు దగ్గరే అవ్వ కాళ్ళకు మొక్కారు. ఆదోని మామ సెల్ఫీకి ఆపాడు. ఫొటోగ్రాఫర్ "మేడమ్, ఇంకోసారి అక్కడి నుంచి నడవండి" అన్నాడు. తమరు మాత్రం టైముకి డ్రాప్, అదే పెంచిన ఊపంతా ఒక్కసారి విరుచుకుపడే చోటు, పేల్చారు. ఖాళీ స్టేజీ మీద నిప్పురవ్వలు ఎగిశాయి, పొగ లేచింది. జంట ఇంకా ఐస్‌క్రీం కౌంటర్ దగ్గరే ఉంది. వాళ్ళు మెట్లెక్కేసరికి తమరు ముగిసిపోయారు. చేతుల్లో స్టిక్కులతో మేం నిలబడ్డాం. వెనక కుర్చీల్లోంచి ఎవరో "ఏమప్పా, కరెంటు పోయిందా?" అని అరిచారు.

డోలు వాయించే ఆయన్ని చూడవయ్యా. ఆయన కన్ను అయ్యవారి వేలి మీదే ఉంటుంది. వేలు లేచిందో, గట్టిమేళం. పురోహితుడు రెండు మంత్రాలు ఎక్కువ చదివితే ఆయన రెండు ఆవర్తాలు ఎక్కువ వాయిస్తాడు. మేమూ అదే చేసేవాళ్ళం. అవ్వ ఆశీర్వాదం అయ్యేదాకా మా అన్న నాబ్‌ని వెంట్రుకవాసి కూడా ముందుకు తిప్పేవాడు కాదు. డ్రమ్మర్ స్నేర్ డ్రమ్ మీద గడగడ దెబ్బల రోల్ సాగదీసేవాడు. ఆ చివరి బార్‌నే మళ్ళీ మళ్ళీ తిప్పి, పెళ్ళికూతురు మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే డ్రమ్మర్ తల ఊపితే, అప్పుడు పడేది డ్రాప్! నీకు కళ్ళు లేవు, ఏం చూస్తావు?

మెషిన్ మీద నాకు పగ లేదు. నా ప్యాడ్ కూడా మెషినే. 1983లో న్యూ ఆర్డర్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ బీబీసీలో 'టాప్ ఆఫ్ ది పాప్స్'కి వెళ్ళింది. ఎక్కువమంది రికార్డుకి పెదవులు కలిపే ప్రోగ్రామ్ అది. వీళ్ళు మాత్రం డ్రమ్ మెషిన్, సీక్వెన్సర్ (స్వరాల వరసని గుర్తుపెట్టుకుని పలికించే యంత్రం) మీద కట్టిన 'బ్లూ మండే'ని లైవ్‌లోనే వాయిస్తామని పట్టుబట్టారు. గొప్పగా ఏం రాలేదు. అయినా దేశమంతా చూస్తుండగా ఆ చెడగొట్టుకున్నదేదో వాళ్ళ చేతులతోనే చెడగొట్టుకున్నారు. మాకు ఆ భాగ్యం కూడా లేకుండా చేశావు కదరా!

అన్నిటికంటే మండింది చివర్లో. భోజనాల దగ్గర ఒక పెద్దమ్మ నా భుజం తట్టి "బాగా కొట్నావు నాయనా" అంది. అప్పుడు నా ప్యాడ్ వాల్యూమ్ సున్నా. ఏం చెప్పాలి ఆమెకి? తలకాయ ఊపి ఉగ్గాని ప్లేటు అందుకున్నా.

వచ్చే ఆదివారం నంద్యాలలో ఇంకో రిసెప్షన్ ఉంది. మేనేజర్ మళ్ళీ నిన్నే అడిగాడు, వేస్తామని చెప్పాం. వేస్తాం. కానీ ఈసారి పాట ముక్కల్ని దాచుకుని, కొడితే పలికించే సాంప్లింగ్ ప్యాడ్ అద్దెకు తెస్తున్నా. బార్‌కి బార్ నిన్ను కోసి, ఒక్కో ముక్కని ఒక్కో ప్యాడ్‌లో పడేస్తా. నేను కొడితేనే తర్వాతి ముక్కకి కదులుతావు. కొట్టకపోతే, ఆదోని మామ సెల్ఫీ అయ్యేదాకా ఉన్న బార్‌లోనే తిరుగుతూ ఉంటావు.

ఇట్లు,
వాల్యూమ్ సున్నాలో వాయించినవాడు