బాలింత ఏడిస్తే గాలి సోకినట్టు కాదు

మా పర్లాకిమిడిలో మొన్న మళ్లీ అదే మాట విన్నాను. వీధి చివరింటి బాలింత పొద్దస్తమానం ఏడుస్తోందట, బిడ్డని ఎత్తుకోమంటే మొహం తిప్పేసుకుంటోందట. "గాలి సోకింది" అని ఒకావిడ, "మనం కనలేదా? అంతా పొగరు" అని ఇంకొకావిడ. నాకు ఒళ్లు మండిపోయింది. ఆరేళ్ల క్రితం ఈ మాటలన్నీ మా అప్ప పడింది.

రెండో కాన్పుకి పుట్టింటికొచ్చింది. మూడో వారంలో ఒక మధ్యాహ్నం పెరటి అరుగు మీద కూర్చునుంది. పళ్లెంలో వెల్లుల్లికారం కలిపిన అన్నం ఎండిపోయింది. లోపల పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది, పాలు చేపుకొచ్చి అప్ప జాకెట్టు తడిసిపోయింది. అయినా లేవదు. గోడకేసి చూస్తోంది. "ఏంటప్పా ఈ మొండితనం?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను తినేస్తోంది. అమ్మేమో పాతపట్నం నుంచి ఎవరినో పిలిపించి చేతికి తాడు కట్టించింది.

అది మొండితనం కాదు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. దాని వెనక మెదడులో హార్మోన్ల మార్పు కూడా ఉంటుంది. స్టెరాయిడ్ హార్మోన్లని అండాశయాలు, అడ్రినల్ గ్రంథులే కాదు, మెదడు కూడా తయారు చేసుకుంటుంది. మగ ఎలుకలకి వృషణాలు, అడ్రినల్ గ్రంథులు తీసేసినా మెదడులో స్టెరాయిడ్ అలాగే ఉందని 1981లో ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త బోలియో బృందం చూపించింది. వాటినే న్యూరోస్టెరాయిడ్లు అంటారు. వాటిలో అల్లోప్రెగ్ననలోన్ ఒకటి, ప్రొజెస్టెరాన్ నుంచి తయారవుతుంది. నరాల కణాలని శాంతపరిచే గాబా అనే రసాయనానికి ఇది బలమిస్తుంది. నెలలు నిండేకొద్దీ ఇది పెరుగుతుంది, కాన్పయ్యాక కొద్ది రోజుల్లోనే అమాంతం పడిపోతుంది. చాలామందికి మెదడు సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు. ఇదొక్కటే కారణమని అనను. నిద్ర లేకపోవడం, "మళ్లీ ఆడపిల్లేనా" అన్న సణుగుడు కూడా తోడవుతాయి. కానీ ఈ డిప్రెషన్‌కి 2019లో అమెరికాలో అనుమతి వచ్చిన బ్రెక్సనోలోన్ అనే మందు అచ్చంగా ఈ అల్లోప్రెగ్ననలోనే. 60 గంటల పాటు నరంలోకి ఎక్కించేవారు. 2023లో అదే దారిలో పనిచేసే మాత్ర జురనొలోన్ వచ్చింది, 14 రోజులు వేసుకోవాలి. గాలి అయితే మందుకి లొంగుతుందా?

అప్పకి ఈ మందులు వాడలేదు. బరంపురంలో డాక్టరు మామూలు డిప్రెషన్ మాత్రలే రాశారు, పాలిచ్చే తల్లి అని చూసుకుని మరీ. తెలుగులో అడిగారు, అందుకే అప్ప నోరు విప్పింది. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో ఇది చిన్న విషయం కాదు. ఒడియాలో గబగబా అడిగితే మన ఆడపిల్లలు "బాగానే ఉన్నా" అని తలూపి వచ్చేస్తారు.

మొదటి వారంలో కన్నీళ్లు మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఆగొద్దు. "చచ్చిపోతే బాగుణ్ను" అన్నా, బిడ్డని ఏమైనా చేసేస్తానేమో అన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

చివరింటి అమ్మాయికి ఇవాళ ఇరవై మూడో రోజు. సాయంత్రం అప్పని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్తున్నాను.