దొండకాయ మీద నింద

(మూర్తిగారు, కామాక్షిగారు డాక్టర్ దగ్గర్నుంచి వచ్చారు. చెప్పులింకా విప్పలేదు. వాదన మాత్రం ఆటోలోనే మొదలైంది.)

మూర్తి: అరవై ఏళ్లుగా తాగుతున్న పాలు ఇప్పుడు పడకపోవడమేమిటే? నువ్వు వండిన దొండకాయ వేపుడే కారణం.

కామాక్షి: మొన్న వంకాయ, అటు మొన్న గోంగూర. కూరలన్నీ దోషులే, రాత్రి తాగే గ్లాసుడు పాలు మాత్రం పతివ్రత! తాగిన గంటకల్లా మీ కడుపులో మోగే డప్పులు పక్కింటి పిన్నిగారికి కూడా వినపడుతున్నాయి.

మూర్తి: ఎలర్జీ అని ఆయనన్నాడా?

కామాక్షి: కాదనే అన్నారు. ఎలర్జీ అయితే పాలలోని ప్రొటీన్ పడక దద్దుర్లు వస్తాయి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. మీది లాక్టోజ్ గొడవ, అంటే పాలలో ఉండే చక్కెర. దాన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగులో తగ్గిపోయింది. అరగని చక్కెర పెద్దపేగులోకి పోతే అక్కడి బాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఆయన ఇదంతా చెబుతుంటే మీరు ఫ్యాన్ కేసి చూస్తున్నారు.

మూర్తి: అది కిర్రుమంటోంది మరి. సరే, ప్యాకెట్ పాలు మాన్పించి గేదె పాలు పోయించు.

కామాక్షి: ఆవైనా గేదైనా నూటికి ఐదు పాళ్లు లాక్టోజ్ ఉండనే ఉంటుంది.

మూర్తి: మా తాతగారికి పన్నెండు గేదెలు! మా వంశంలో ఈ జబ్బు లేదు.

కామాక్షి: జబ్బని ఎవరన్నారు? పెద్దయ్యాక లాక్టేజ్ తగ్గడం ప్రపంచంలో చాలామందికి మామూలే. మీ తాతగారు పాలు తోడేసి, చిలికి, వెన్న కాచి తిన్నారు. మీలా పడుకోబోతూ గటగటా తాగలేదు.

మూర్తి: (గొంతు తగ్గించి) అయితే పెరుగన్నం కూడా...?

(ఆపరేషన్ అన్నప్పుడు కూడా ఆయన మొహం ఇంతలా పాలిపోలేదు.)

కామాక్షి: తినండి. తోడుకునేటప్పుడే లాక్టోజ్ కొంత తగ్గుతుంది, మిగిలింది అరగడానికి పెరుగులోని బాక్టీరియా సాయపడుతుంది. నెయ్యిలో అయితే దాదాపు ఉండదు.

మూర్తి: మరి కోవా?

కామాక్షి: పాలు ఇగరబెడితే నీళ్లు పోతాయి గానీ చక్కెరెక్కడికి పోతుంది? ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి గిన్నె వెనక మీరు దాచిన డబ్బా నేనెప్పుడో చూశాను.

మూర్తి: (తొందరగా) అసలు పరీక్ష లేకుండా ఎలా తేలుస్తారు?

కామాక్షి: పరీక్షా ఉంది. పరగడుపున లాక్టోజ్ కలిపిన నీళ్లు తాగి, మూడు గంటల పాటు మధ్యమధ్యలో గొట్టంలో ఊదాలి. ఆ బాక్టీరియా చేసే గ్యాస్‌లోని హైడ్రోజనే శ్వాసలోకీ వస్తుంది, అది మొదటికన్నా 20 పీపీఎం, అంటే పది లక్షల్లో 20 పాళ్లు పెరిగితే దొరికినట్టే.

మూర్తి: ఎంత కలుపుతారట?

కామాక్షి: 25 గ్రాములట. అర లీటరు పాలలో ఉండేంత.

మూర్తి: అంటే డబ్బు తీసుకుని మరీ కడుపునొప్పి తెప్పిస్తారన్నమాట. ఆ పని నువ్వు రోజూ ఉచితంగా చేస్తున్నావుగా!

కామాక్షి: అందుకేగా ముందు రెండు వారాలు పాలు మాని చూడమన్నారు! తగ్గితే మళ్లీ కొద్దిగా తాగి చూడాలి, అప్పుడు గోల మొదలైతే పాలదే తప్పు. మానినా తగ్గకపోతే ఇంకేదో ఉన్నట్టు, మళ్లీ వెళ్లాలి.

మూర్తి: ఎల్లుండి నుంచి మొదలుపెడతా. రేపు చెల్లాయి వాళ్ల గృహప్రవేశం. పాలు పొంగించి పరమాన్నం పెడతారు, ప్రసాదం వద్దంటే పాపం.

కామాక్షి: తినండి, నాకేం? వాళ్ల కొత్త బాత్రూమ్‌కి గృహప్రవేశం మీ చేతుల మీదుగానే జరుగుతుంది.