పాత బియ్యం తినే ఊళ్లో పచ్చి కర్ర

కోనసీమలో ఎవరైనా పెరటి షెడ్డులో గిటారు చేయడం మొదలెడితే పదో రోజుకల్లా ఓ తనిఖీ అధికారి వస్తాడు. జీతం లేదు, ఆర్డరు కాగితం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మానికడ్డంగా నిలబడి, శాఖాపరమైన ఒకే ఒక ప్రశ్న వేస్తాడు: "ఏరా అబ్బాయ్, ఇంకా అవలేదా?"

"లేదు బాబాయ్ గారూ, కర్ర ఆరుతోంది" అంటే ఆయన నవ్వే నవ్వు మీకు తెలుసు. అదే ఇంట్లో కొత్త బియ్యం వండితే అన్నం ముద్దైందని కంచం పక్కకి నెట్టేస్తాడు. బియ్యం ఏడాది పాతబడాలి. కర్ర మాత్రం అడితి నుంచి ఆటో దిగగానే సరిగమలు పలకాలి.

అంగుళం మందం పలకల్ని నీడలో, మధ్య మధ్య పుల్లలు పెట్టి గాలాడేలా పేర్చితే ఆరడానికి సుమారు ఏడాది. అడితిలో "ఎముకలా ఎండిందండీ" అన్న మాటకి విలువ లేదు. పలకని వారం వారం వంటింటి కాటా మీద తూచి, బరువు దాని మీదే పెన్సిలుతో రాయాలి. అంకె దిగడం ఆగిందంటే కర్ర గాలితో రాజీపడిందన్నమాట.

ఇక ఆ గాలి. గిటారు పెట్టె అతికించే రోజుల్లో గాలిలో తేమ 45–50 శాతం మధ్య ఉంటే మంచిది. మనకి ఓ పక్క సముద్రం, ఓ పక్క కాలవ, వెనకాల వరిచేను. తేమ కొలిచే హైగ్రోమీటరు 80 చూపిస్తే పరికరం చెడిపోయిందనుకుంటాం. అందుకే పడమటి వడగాలి కొట్టే మధ్యాహ్నాల కోసం కాచుకోవాలి, లేదా ఏసీ గదిలో తేమ దించి పని చేయాలి. అదేమీ చెయ్యకుండా, ఉబ్బి ఉన్న పై పలకకి లోపల, బలం కోసం వేసే సన్నని కర్ర పట్టీల్ని, అంటే అడ్డదూలాల్ని, అతికించేస్తే? కర్ర అడ్డంగా కుంచించుకుంటుంది, పొడుగునా దాదాపు కుంచించుకోదు. ఆ గిటారు హైదరాబాదు మేనల్లుడి ఏసీ గదిలో నెల్లాళ్లుంటే పలక ముడుచుకోవాలని చూస్తుంది, దూలాలు ముడుచుకోనివ్వవు. ఓ అర్ధరాత్రి ఠప్పుమని నార వెంట చీలుతుంది. మర్నాడు బాబాయ్ గారి తీర్పు: "ఇంట్లో చేస్తే ఇంతేరా, కొనుక్కోవాల్సింది."

ఆయన రెండో తనిఖీ సరిగ్గా దూలాలు అతికించే పూటే జరుగుతుంది. పై పలకని బల్ల మీద పరిచి, జిగురు రాసిన దూలాల్ని దాని మీద పెట్టి, వాటికీ పైనున్న అటక చెక్కకీ మధ్య వెదురు బద్దలు ఇరికిస్తారు. బద్ద ఆ ఖాళీ కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగుండాలి. విల్లులా వంగి దూలాన్ని కిందకి నొక్కుతుంది. అలాంటివి ఇరవై, పాతిక. బాబాయ్ గారు లోపలికి తొంగిచూస్తారు. "ఇదేంట్రా, పందిరేస్తున్నావా?" అని ఓ బద్ద మీటుతారు. అది ఎగిరి గోడకి తగులుతుంది. పక్కది వాలుతుంది. దూలం ఓ కొస కాగితమంత లేస్తుంది. "అబ్బే, పట్టేసిందిగా!" అని మిగతావాటిని ఆయనే సాయంగా తీసేస్తుంటారు. లేచిన ఆ కొస అప్పుడు కనపడదు. తీగలు కట్టాక తెలుస్తుంది, ఫలానా స్వరం దగ్గర పెట్టెలో తుమ్మెద దూరినట్టు జుమ్మంటుంది.

తర్వాత బొటనవేలు. 2.8 మిల్లీమీటర్ల పలకని నొక్కి "అప్పడంలా ఉందిరా, 6 ఎంఎం ప్లైవుడ్డు వెయ్యి" అని సలహా. పలచగా లేకపోతే పలక ఊగదు, ఊగకపోతే మోగదు. 1862లో స్పెయిన్‌లో ఆంతోనియో దె తోర్రెస్ వెనకా పక్కలా అట్టతో ఓ గిటారు చేసి చూపించాడు, ధ్వనికి ముఖ్యం పై పలకేనని. కాబట్టి పక్కలకి పనస కర్రైనా నడుస్తుంది. పై పలక దగ్గర మాత్రం బేరం లేదు. ఆరు ఉక్కు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు లాగే లాగుడు సుమారు 75 కిలోలు. ఒక ధాన్యం బస్తా! ఆ బస్తా బరువుని బాబాయ్ గారి అప్పడమే మోస్తుంది, దూలాలు సరిగా పట్టుంటే.

మెట్ల విషయంలోనూ, అంటే గిటారు మెడ మీద స్వరాల కోసం అడ్డంగా దిగేసే లోహపు పట్టీల విషయంలోనూ, ఆయనకో పథకముంది: సమానంగా పంచెయ్యడం, అన్నదమ్ములకి పొలం పంచినట్టు. తీగ పొడుగు 648 మిల్లీమీటర్లైతే 17.817తో భాగించాలి. మొదటి మెట్టు 36.37 దగ్గర. మిగిలిన 611.63ని మళ్లీ భాగించాలి. పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడితే లెక్క కుదిరినట్టు. గీతలు మాత్రం అన్నీ మెడ పైకొస నుంచే, తీగ మొదలయ్యే చోటి నుంచే, కొలిచి గీయాలి. మెట్టు నుంచి మెట్టుకి కొలిస్తే వెంట్రుకవాసి తప్పులు కూడబలుక్కుంటాయి.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశాడు. ఐదేళ్లు. ఆయన విగ్రహానికి దండలేస్తాం. గిటారుకి ఏడాది దాటిందంటే వెధవ పని.

అసలు ఈ తొందర ఎవరి కొంప ముంచిందో చూడండి. మాఘంలో గృహప్రవేశమని పుష్యంలో పచ్చి టేకు దించి, "పది రోజుల్లో తలుపులు కావాలి" అన్నదెవరు? వడ్రంగి మొత్తుకున్నాడు, కర్ర ఆగదండీ అని. విన్నారా? వేసవికి అతుకులు నోరు తెరిచాయి, వానలకి తలుపు బిగుసుకుంది. అప్పుడు వీధిలో నిలబెట్టి తిట్టింది వడ్రంగినే. బాకీ డబ్బు ఎగ్గొట్టింది ఆయనకే. ఆయన కొడుకు చిత్రిక ముట్టనంటే "ఈ కాలం పిల్లలకి పని రాదు" అన్నదీ ఈ నోళ్లే. పనొచ్చినవాడి మాట వినే ఓపిక మీకెప్పుడైనా ఉందా?

సరే, బ్రిడ్జి, అంటే తీగల కింది కొసల్ని పై పలక మీద పట్టి ఉంచే చెక్క. తెల్ల జిగురు వద్దు, ఎండలో నిలబెట్టిన కారులో మెత్తబడి బస్తా లాగుడికి జారుతుంది. గట్టిగా బిగిసే పసుపు రంగు వడ్రంగి జిగురు వాడాలి. అతికే చోట పాలిషు పూర్తిగా గీకేయాలి. బిగింపులు 24 గంటలు కదపకూడదు, ముసురు పట్టిన రోజుల్లో ఇంకో పూట. షెడ్డుకి తాళం వేసి కిటికీ రెక్కలకి కూడా గడియ పెట్టాలి. బాబాయ్ గారి చెయ్యి ఊచల్లోంచి మోచేతి దాకా దూరుతుంది.