సవరణ: గ్రీన్ గార్నెట్ గురించి నిన్న రాసినదాంట్లో రెండు తప్పులు

నిన్న హైదరాబాద్ పత్తర్‌గట్టీలో చూసిన సావొరైట్ (గ్రీన్ గార్నెట్ అనే రత్నంలో ఒక రకం) గురించి రాస్తూ, గ్రీన్ గార్నెట్ అంటే ఏదైనా సరే ట్రీట్‌మెంట్ (రాయి అందంగా కనపడ్డానికి వేడి చేయడం, నూనె పట్టించడం లాంటివి) ఉండదు, పైగా పచ్చ (ఎమరాల్డ్) కంటే గట్టిది అని రాసేశాను కదా, ఆ రెండూ తప్పే, సారీ.

ట్రీట్‌మెంట్ లేకుండా వస్తుందన్న మాట సావొరైట్‌కైతే మామూలుగా చెల్లుతుంది, కానీ డిమాంటాయిడ్ అనే ఇంకో గ్రీన్ గార్నెట్ ఉంది, రష్యా రాళ్లు కొన్నిటిని రంగు బాగా రావడానికి వేడి చేస్తారు, కాబట్టి అది కొనేటప్పుడు ల్యాబ్ రిపోర్ట్ అడగాల్సిందే. ఇక గట్టిదనం, సావొరైట్ మోస్ స్కేల్ (రాయి గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచేది) మీద 7 నుంచి 7.5, పచ్చ 7.5 నుంచి 8, అంటే నేను ఉల్టా చెప్పా. మెరుపులో మాత్రం సావొరైట్‌దే పైచేయి, దాని రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (రాయి వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, ఎక్కువుంటే మెరుపెక్కువ) సుమారు 1.74, పచ్చది 1.58 దగ్గర, పైగా పచ్చకి పగుళ్లు కనపడకుండా నూనె పట్టిస్తారు, సావొరైట్‌కి ఆ గోల లేదు. దాని ఆకుపచ్చ రంగు వనేడియం, క్రోమియం వల్ల వస్తుంది.

అన్నట్టు మన గోమేదికం కూడా సావొరైట్ లాగే గ్రాసులర్ అనే గార్నెట్ జాతి, రంగే వేరు. కామెంట్లో ఒకన్న సావొరైట్ ఇండియా రాయా అన్నాడు, కాదన్నా, 1967లో టాంజానియాలో దొరికింది, పేరు కెన్యాలోని సావో పార్క్‌ది.