బీరువా మీది ఆఫ్ సీజన్ చార్టు గారికి

మహారాజశ్రీ ఆఫ్ సీజన్ చార్టు గారికి, రాయగడ నుంచి మీ యజమాని అనేక నమస్కారములు చేసి వ్రాయునది. ఉభయకుశలోపరి.

అలవాటు కొద్దీ ఉభయకుశలం అని రాసేశాను గానీ మీ కుశలం ఏమంత బాగోలేదు. మూడు రోజులుగా ముసురు. చెమ్మకి మీ పై మూలల సెల్లోటేపు ఊడిపోయి, పెనం మీద అంచులు లేచిన అట్టులా ముందుకి వంగారు. ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసిన నా గోల్ఫ్ లక్ష్యం, 'హ్యాండికాప్ 18', పాకిపోయింది. హ్యాండికాప్ అంటే మంచి ఆటగాడికన్నా మనం సుమారు ఎన్ని దెబ్బలు ఎక్కువ కొడతామో చెప్పే అంకె, తగ్గేకొద్దీ గొప్ప. ఆ 8 మీద ఓ బల్లి కూర్చుని ట్యూబులైటు దగ్గరి పురుగుల్ని పట్టుకుంటోంది. మిమ్మల్ని ఆసరా చేసుకుని ఈ ఇంట్లో లక్ష్యం సాధించింది ఇప్పటిదాకా అదొక్కటే.

మీ జన్మ వృత్తాంతం మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. మిల్లులో నా పైఅధికారి ఒకాయన ట్రాన్స్‌ఫర్ అయి వెళ్తూ, సామాన్లు ఎక్కువైపోయాయని తన పాత గోల్ఫ్ సెట్టు నాకు అంటగట్టాడు. ఒకరి బ్యాగులో 14 క్లబ్బుల వరకూ, అంటే బంతిని కొట్టే కర్రలు, ఉండొచ్చన్నది రూలు. నాకొచ్చినవి తొమ్మిది. మిగతా అయిదూ ఏమయ్యాయని అడగలేదు, పైఅధికారి కదా. అప్పటినుంచి పండగకో పెళ్లికో విశాఖ వెళ్లినప్పుడల్లా, మా బావమరిది మెంబరుగా ఉన్న క్లబ్బులో అతిథిగా ఆడుతున్నాను. పొద్దున్నే రాయగడలో బండెక్కి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా, పై బెర్తులో బ్యాగుని పసిపిల్లలా పడుకోబెట్టి తీసుకెళ్లడం. టీసీ ఓసారి అందులో ఏముందని అడిగాడు. గోల్ఫ్ అన్నాను. టికెట్టు చూడకుండానే నాకేసి జాలిగా చూసి వెళ్లిపోయాడు.

ఏడాదికి అయిదారు రౌండ్లు, అంతే. ఆ అయిదారుకీ ఒక ప్లాన్ కావాలని నాకు ఎక్కించింది మిషిగన్‌లో ఉన్న మేనల్లుడు. "మావయ్యా, ఆట మారేది సీజన్‌లో కాదు, ఆఫ్ సీజన్‌లో. నవంబరు నుంచి మార్చి దాకా గట్టిగా ట్రైనింగ్ చెయ్యి, ఏప్రిల్లో చూసుకో" అన్నాడు. వాడి గ్యారేజీలో వల కట్టుకున్నాడు, కింద ఆకుపచ్చ చాప పరిచాడు. ఫోనులో చూపిస్తే ముచ్చటేసింది. మా అమ్మాయి ఏడో తరగతిలో జలచక్రం వేసిన చార్టు బీరువా వెనక దొరికితే, దాన్ని తిరగేసి మిమ్మల్ని గీశాను. సముద్రం, ఆవిరి, మేఘం, వాన అన్నీ గోడవైపు. నా ఆశలన్నీ ఇటువైపు.

నవంబరు ఒకటిన శ్రీకారం. ఇక్కడే మనిద్దరి మొదటి తప్పు జరిగింది. నవంబరులో వాడి ఊరు మంచులోకి దిగుతుంది, అందుకని ఆఫ్ సీజన్. మరి మనకో? వానలు తగ్గి, చలి ఇంకా ముదరక, గడ్డి పచ్చగా, నేల గట్టిగా, ఏడాది మొత్తానికీ గోల్ఫ్ ఆడటానికి అంతకన్నా మంచి రోజులు లేవు. బావమరిది రెండుసార్లు ఫోన్ చేశాడు: "బావా, వాతావరణం బాగుంది, రా." రాలేనన్నాను. "ఏం?" "ఆఫ్ సీజన్‌లో ఉన్నాను." సంక్రాంతికి కూడా వెళ్లలేదు. కిటికీలోంచి బంగారం లాంటి ఎండ పడుతుంటే, చాప మీద మోచేతులాన్చి ప్లాంక్ చేస్తూ గచ్చుకేసి చూస్తూ గడిపాను. ఏప్రిల్లో, చార్టు చెప్పిన ప్రకారం, సీజన్ మొదలైంది. విశాఖ ఎండకి ఏడో హోల్ దగ్గర కళ్లు తిరిగి చెట్టు కింద కూర్చున్నాను.

తర్వాత మీ నెత్తి మీది 'నవంబరు' కొట్టేసి 'జూన్' అని రాశాను. ఆ కొట్టివేత ఇప్పటికీ మీ నుదుటి మీద పిచ్చిగీతలా ఉంది. క్షమించాలి.

ఇక మీరు మోస్తున్న లక్ష్యాల సంగతి. గోల్ సెట్టింగ్ అని మేనల్లుడు పదేపదే అంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి "మనింట్లో గోలకి మళ్లీ సెట్టింగొకటా" అంది. వాడు చెప్పింది నిజానికి సబబుగానే ఉంది. ఫలితం మన చేతిలో ఉండదు కాబట్టి పెద్దక్షరాల్లో రాయాల్సింది రోజూ చేసే పని అనీ, ఫలితం ఎక్కడో మూల చిన్నగా ఉంటే చాలనీ వాడి ఉద్దేశం. నేనేం చేశానో మీకు తెలుసు. 'హ్యాండికాప్ 24 నుంచి 18' అరచేయంత అక్షరాల్లో ఎర్రసిరాతో, 'డ్రైవర్ 230 గజాలు' నీలంతో (డ్రైవర్ అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు). రోజూ చేసే పని అట్టడుగున, పెన్సిలుతో. పెన్సిలైతే చెరపడం తేలిక.

ఆ 18కి లెక్క ఒకటుంది, ఎర్రసిరా ఆరాక తెలిసింది. 2020లో వచ్చిన కొత్త ప్రపంచ హ్యాండికాప్ పద్ధతిలో, మన ఆఖరి 20 రౌండ్లలోంచి బాగా ఆడిన 8 తీసి సగటు కడతారు. మూడు రౌండ్ల కార్డులిస్తే ఏదో ఒక అంకె చేతిలో పెడతారు గానీ, పూర్తి లెక్క కుదరాలంటే 20 ఉండాల్సిందే. ఏడాదికి అయిదారు ఆడేవాడికి ఇరవై నిండాలంటే నాలుగేళ్లు. ఒకరోజు పూనకం వచ్చినట్టు ఆడినా అది ఎనిమిదింట్లో ఒకటై కూర్చుంటుంది, అంతే. ఈ అంకెని సెప్టెంబరు 30 లోపు ఆరు మెట్లు దింపేస్తానని మీ మీద సంతకం కూడా పెట్టాను. గోల్ఫ్ కోర్సు లేని ఊళ్లో, వానాకాలంలో, ఒక్క రౌండూ ఆడకుండా. మీరు కాగితం కాబట్టి ఊరుకున్నారు.

కసరత్తుల గడులు మాత్రం శాస్త్రీయంగా గీశాను, ఆ మాట ఒప్పుకోవాలి. స్వింగులో బలం భుజాల్లోంచి వస్తుందని అందరూ అనుకుంటారు గానీ, అది నేలని తన్నిపట్టిన కాళ్లలోంచి లేచి, తుంటి తిరిగి, నడుము మీదుగా చేతుల్లోకి, చివరికి క్లబ్బులోకి పోతుంది. నా తుంటి ముప్పై ఏళ్లుగా కుర్చీలో ఉంది. నడుం తిరగని పనంతా భుజాలు నెత్తినేసుకుంటాయి, బంతి కుడివైపు కొబ్బరిచెట్ల మీదకి పోతుంది. అందుకని తుంటి, వీపు సాగదీసే వ్యాయామాలు, ఒంటికాలి మీద నిలబడటం, మెడిసిన్ బాల్‌ని పక్కకి తిరిగి గోడకేసి విసరడం. మెడిసిన్ బాల్ బదులు అయిదు కిలోల గోధుమపిండి సంచి వాడాను. నాలుగో విసురుకి ఏం జరిగిందో, ఆ రాత్రి ఇంట్లో ఎన్ని చపాతీలు తిన్నామో ఇక్కడ రాయను. రెండు చంకల కింద తువ్వాలు ఇరికించి, అది జారకుండా అద్దం ముందు నెమ్మదిగా స్వింగు చేయడం ఇంకోటి. చేతులూ ఛాతీ కలిసి తిరగడం అలవాటవుతుంది, మంచి పద్ధతి. హాల్లో సీలింగ్ ఫ్యాను ఆపి చేయాలని మీ మీద ఎక్కడా రాయలేదు. ఇప్పుడా ఫ్యానుకి మూడు రెక్కల్లో ఒకటి వినయంగా వంగి ఉంటుంది.

బంకర్ అంటే కోర్సులో ఉండే ఇసుక గుంట. దాని ప్రాక్టీసుకి నాగావళి ఇసుక. ఇది మేలో, నీళ్లు సన్నగా ఉన్నప్పుడు. బంకర్‌లో పడ్డ బంతిని కొట్టకూడదు, బంతికి రెండంగుళాల వెనక ఇసుకని కొట్టాలి. ఆ ఇసుకే బంతిని ఎత్తి బయట పడేస్తుంది. శాండ్ వెడ్జ్ అడుగుభాగం లావుగా ఉండేది అందుకే, తవ్వుకుంటూ దిగబడిపోకుండా జారిపోవడానికి. జీన్ సారజెన్ అనే ఆయన ఆ క్లబ్బుని ఇలా తీర్చిదిద్దుకుని 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. నేర్చుకోడానికి బంతి కూడా అక్కర్లేదు, ఇసుకలో గీత గీసి, సరిగ్గా గీత మీద కొట్టగలిగితే చాలు. పుల్లతో పాతిక గీతలు గీసి, ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతున్నాను. గేదెల్ని కడుగుతున్న కుర్రాడు "ఏటి మావా, ముగ్గులెట్టి మళ్లీ సెరిపేత్తన్నారు?" అన్నాడు. ఇంతలో ఒక ఒడియా పెద్దాయన వచ్చి "కొణొ ఖొజుచొంతి?" అన్నాడు, ఏం వెతుకుతున్నారని. నేను మాట వెతుక్కునేలోపు కుర్రాడే "ఉంగరం పోనట్టుంది తాతా" అని తీర్పిచ్చేశాడు. పది నిమిషాల్లో ఆరుగురు చేరి, నా గీతలన్నీ కాళ్లతో చెరిపేస్తూ, ఇసుక జల్లెడ పట్టారు. కాదని చెప్పే ధైర్యం లేకపోయింది. ఆఖరికి పెద్దాయన నా భుజం తట్టి, మజ్జిగౌరమ్మకి మొక్కుకోమన్నాడు, దొరుకుతుందట. జూన్ వచ్చింది, నాగావళి ఎర్రగా పొంగింది, బంకర్ మునిగింది. మీ మీద జులై, ఆగస్టు గడుల్లో 'బంకర్: వారానికి 3' అని అలాగే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీరు నొచ్చుకుంటారని ఇన్నాళ్లూ దాచాను.

పోయిన వానాకాలం, కరెంటు పోయిన ఓ సాయంత్రం, ఏమీ తోచక వరండాలో స్టీలు గ్లాసు అడ్డంగా పడుకోబెట్టి, పది అడుగుల దూరం నుంచి పటర్‌తో, అంటే బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్బుతో, బంతిని దాంట్లోకి దొర్లిస్తున్నాను. పట్టింగు, అంటే ఈ దొర్లింపు, మీ మీద లేదు. అది కసరత్తు కాదు, చెమట పట్టదు, చూసేవాళ్లకి గొప్పగా ఉండదు, అందుకని రాయలేదు. పార్ 72 కోర్సులో, అంటే మంచి ఆటగాడు 72 దెబ్బల్లో ముగించాల్సిన కోర్సులో, సగం, 36, ఇలా దొర్లించే పట్‌లే అన్న లెక్క తెలిసి కూడా రాయలేదు. బంతి ప్రతిసారీ గ్లాసు ముందుకొచ్చి ఎడమకి తిరిగిపోతోంది. పదిహేనుసార్లు అయ్యింది. ఒత్తులు చేసుకుంటూ చూస్తున్న మా ఆవిడ లేచి వచ్చి, "ఏమండీ, ఇలా ఇవ్వండి" అని పటర్ తీసుకుంది. చీపురు పట్టినట్టే పట్టుకుంది. గ్లాసుకి జానెడు కుడివైపు గురి పెట్టి నెట్టింది. బంతి కుడిగా పోయి పోయి, మెల్లిగా తిరిగి, గ్లాసులోకి వెళ్లి టంగుమంది.

"అటెందుకు కొట్టావు?"

"తూము ఎడమవైపు కదా ఉంది. ఇరవై ఏళ్లుగా ఈ వరండా కడుగుతున్నాను, నీళ్లెటు పోతాయో నాకు తెలీదా? మేస్త్రీ వాలు పెట్టాడు."

మళ్లీ వేసింది, మళ్లీ పడింది. గోల్ఫ్ హోలు 108 మిల్లీమీటర్లు, మా గ్లాసు మూతి డెబ్భై కూడా ఉండదు. "ఇంత గ్లాసులోకి పోయేది అంత గుంటలోకి పోదా? మీరు దేనికండీ అన్నిసార్లు తప్పుతారు?" అంది. ఎగతాళి కాదు, తెలుసుకుందామనే అడిగింది. 2021 ఆగస్టు 7న తెల్లవారుజామున లేచి ఇద్దరం టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఆట చూశాం. ఆ అమ్మాయి కొట్టే దూరం తక్కువ, పక్కనున్న వాళ్ల బంతులు ఎక్కడో ముందు పడేవి. గ్రీన్ మీదకొచ్చాక, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదకొచ్చాక, మాత్రం గుంటలోకి చెప్పినట్టు దొర్లించేది. ఒక్క స్ట్రోకు తేడాలో పతకం చేజారి నాలుగో స్థానం వచ్చింది. బ్యాగు మోస్తున్నది వాళ్లమ్మ అని తెలిసినప్పటి నుంచి మా ఆవిడ మిగతా ఆటంతా ఆవిడనే చూసింది. ఆ పొద్దున్న నాకు అర్థమైంది డ్రైవర్‌తో ఇంకో 40 గజాలు కొట్టాలని. ఎలా అర్థమైందో నన్నడక్కండి.

ఆ వానాకాలమంతా రాత్రి భోజనాలయ్యాక వరండాలో పందెం. ఓడినవాళ్లు గిన్నెలు తోమాలి. నా చేతులు ఇప్పటికీ పీచు వాసన వస్తున్నాయి. డిసెంబరులో విశాఖ వెళ్లాను. గ్రీన్ మీద బంతి వెనక కూర్చుని ఒక కన్ను మూసి చూడటం మానేసి, ఇక్కడ బకెట్టు నీళ్లు పోస్తే ఎటు పోతాయి అని మాత్రం చూశాను. గ్రీన్ కట్టినవాడు కూడా మేస్త్రీయే, వాననీరు నిలవకుండా ఎటో ఒకటువైపు వాలు ఇవ్వకుండా ఉండడు. అంతకుముందు రౌండ్లో 43 పట్‌లు పెట్టినవాణ్ని, ఆ రోజు 35 పెట్టాను. డ్రైవర్ మామూలుగానే కొబ్బరిచెట్ల మీదకి పోయింది. బావమరిది కార్డు చూసి "ఏం ట్రైనింగ్ చేశావు బావా?" అన్నాడు. గిన్నెలు తోమానంటే బాగోదని మీ పేరే చెప్పాను. ఆ గౌరవం మీకు దక్కింది.

ఈ ఉత్తరం ఇప్పుడెందుకంటే, నిన్న మేనల్లుడు వీడియో కాల్ చేసి మిమ్మల్ని చూపించమన్నాడు. టేపు అతికించి చూపించాను. జులై ప్లాంక్ వరసలో 29 టిక్కులు, రెండు సున్నాలు చూసి వాడి నోట మాట రాలేదు. "మావయ్యా, నెలలో ఇరవై తొమ్మిది రోజులా! ఆ రెండు రోజులు రెస్టు తీసుకున్నావు చూడు, అదీ పద్ధతి. రెస్టు కూడా ట్రైనింగే" అన్నాడు. వాడి స్నేహితులకి కూడా చెబుతాడట. నేను తల ఊపాను.

అవి పాల ప్యాకెట్లు. జూన్ ఆఖర్లో క్యాలెండరు నానిపోతే, దగ్గర్లో ఖాళీ గడులు మీ దగ్గరే కనిపించి మా ఆవిడ వేసుకుంది. సున్నాలు పెట్టిన రెండు రోజులూ వానకి రోడ్డు తెగి పాల బండి రాలేదు. పాలవాడు తన పుస్తకంలో 31 అని ఒడియాలో రాసుకుని వచ్చి, ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మిమ్మల్ని ఊడదీసి తెమ్మంటోంది, వాడికి చూపించాలట.

ఇట్లు,
మీ యజమాని